డీజిల్ కొట్టించాక మిస్సింగ్ మొదలైందా? పంపు జోలికి అప్పుడే పోకండి

నేను కాకినాడ కుంభాభిషేకం రేవులో బోటు ఇంజిన్ల పని చేస్తాను. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి: "నిన్నటిదాకా బాగానే తిరిగింది. డీజిల్ కొట్టించిన దగ్గర్నుంచీ మిస్సింగ్ కొడుతోంది. పంపు పోయినట్టుంది, విప్పి షాపులో ఇచ్చెయ్యమంటావా?"

వద్దు. నిన్న శుభ్రంగా పనిచేసిన పంపు, అంటే నాజిళ్లకి ప్రెజర్‌తో డీజిల్ తోసే పెద్ద పంపు, డీజిల్ పోసిన గంటలో పాడైపోవడం చాలా అరుదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారింది డీజిల్ ఒక్కటే. అందుకని అనుమానం ముందు డీజిల్ మీద, తర్వాత అది టాంకులోంచి పంపు దాకా వచ్చే దారి మీద పడాలి. పంపు, నాజిళ్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) విప్పడం చిట్టచివరి పని. అది వేలల్లో ఖర్చు. పైగా టాంకులో నీళ్లు అలాగే ఉంచి పంపు బాగుచేయించి తెస్తే, కొత్తగా బిగించిన ఆ పంపు కూడా అవే నీళ్లు తాగుతుంది.

ముందుగా చెప్పేదంతా ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, ఫీడ్ పంపు (టాంకులోంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు), రెండు ఫిల్టర్లు ఉన్న మెకనైజ్డ్ బోట్ల గురించి. ఫైబర్ బోట్లకి, పెట్రోలు ఇంజిన్లకి తేడా ఎక్కడుందో చివర్లో చెప్తాను.

ఎంతసేపటికి మొదలైంది?

బోటెక్కగానే నేను పానా బయటికి తీయను. సరంగుని (బోటు నడిపే పెద్దని) నాలుగు ప్రశ్నలు అడుగుతాను. "బాబాయ్, డీజిల్ పోసిన ఎంతసేపటికి తేడా వచ్చింది? రేవులోనేనా, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటాకా? ఆగాక మళ్లీ స్టార్ట్ అయిందా? డీజిల్ పోసేటప్పుడు ఎవరైనా ఫిల్టర్ విప్పారా?" సగం రోగం ఈ జవాబుల్లోనే దొరుకుతుంది.

స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే ఊగి ఆగిపోతే, టాంకు కాక్ (డీజిల్ వదిలే కుళాయి) మూసి ఉందేమో చూడండి. నవ్వకండి. డీజిల్ పోసేటప్పుడు కాక్ కట్టేసి, తర్వాత తెరవడం మర్చిపోయిన బోట్లు సీజన్‌లో చాలా తగులుతాయి. ఫిల్టర్లలో, గొట్టాల్లో మిగిలిన డీజిల్‌తో ఇంజిన్ కాసేపు నడుస్తుంది, అది అయిపోగానే పడుకుంటుంది. రెండు టాంకులున్న బోట్లలో అయితే ఖాళీ టాంకు కాక్ తెరిచి, నిండు టాంకు కాక్ మూసి ఉంటుంది. సగం తెరిచిన కాక్ ఇంకా మోసం చేస్తుంది. స్లోలో బాగానే తిరుగుతుంది, థ్రాటిల్ పెంచితే ఆకలితో ఊగుతుంది.

పావుగంటో ఇరవై నిమిషాలో బాగా నడిచి, తర్వాత మిస్సింగ్ మొదలై తెల్ల పొగ వస్తుంటే నీళ్లని అనుమానించాలి. కొత్త డీజిల్‌తో పాటు వచ్చిన నీళ్లు ఫిల్టర్ నిండి పంపు దాకా చేరడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

రేవులో ఏ ఇబ్బందీ లేకుండా సముద్రంలో కెరటాలకు బోటు ఊగాకే మొదలైతే, అది టాంకు అడుగున పేరుకున్న మడ్డి. డీజిల్ పైనుంచి జోరుగా పడ్డప్పుడు కాస్త లేచింది, కెరటాలు మిగతాది లేపాయి. ఇలాంటప్పుడు బంకు డీజిల్‌లో దోషం ఏమీ ఉండకపోవచ్చు.

ఆగిపోయి, పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయి, మళ్లీ అంతసేపటికే ఆగిపోతోందా? అయితే రెండే అనుమానాలు. ఒకటి, టాంకు లోపల పీల్చే గొట్టం మూతికి ఏదో అడ్డం పడుతోంది. ఇంజిన్ పీల్చినంతసేపూ అంటుకుని ఉంటుంది, పీల్చడం ఆగగానే ఊడి పడిపోతుంది. రెండోది, టాంకుకి గాలి అందడం లేదు. దీని సంగతి కింద చెప్తాను.

ఇంకో మాట. వేటకి వెళ్లేముందు డీజిల్ ఒక్కటే ఎక్కించరు కదా, ఐసు, తాగునీళ్లు, సరుకులు అన్నీ ఎక్కుతాయి. రెండు వేల లీటర్ల డీజిలే 1,600 కిలోలు దాటుతుంది. ఐసు బరువు దానికి అదనం. బోటు మునకలో ఉండి, ఇంజిన్ చప్పుడు సమంగానే ఉండి, స్పీడు మాత్రమే తగ్గి నల్ల పొగ వస్తుంటే అది రోగం కాదు, లోడు. పంకాకి (ప్రొపెల్లర్‌కి) వలముక్కో తాడో చుట్టుకున్నా ఇంతే. మిస్సింగ్ వేరు, లాగలేకపోవడం వేరు. చప్పుడు కొట్టుకుంటూ, ఒక దెబ్బ తప్పినట్టు వినపడితేనే మిస్సింగ్.

సీసాలో పట్టి చూడటం

లేబుల్ పీకేసిన తెల్ల వాటర్ బాటిళ్లు రెండు మూడు తీసుకోండి. లోపల ఒక్క చుక్క తడి కూడా ఉండకూడదు. లేకపోతే బాటిల్లో ఉన్న నీళ్లే చూసి బంకు వాడితో గొడవపడతారు. ఒక సీసాలో వాటర్ సెపరేటర్ (డీజిల్‌లోంచి నీళ్లని విడగొట్టే గిన్నె) అడుగు స్క్రూ వదులు చేసి పట్టండి. ఇంకోదాంట్లో టాంకు డ్రెయిన్ నుంచి పట్టండి. మూడోదాంట్లో టాంకు పైభాగం నుంచి చేతి పంపుతో తీసి పట్టండి. ఏది ఎక్కడిదో మార్కర్‌తో రాసి, కదలని చోట పావుగంట నిలబెట్టండి.

డీజిల్ లీటరు 830 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది, నీళ్లు కిలో. అందుకే నీళ్లు అడుక్కి దిగి, మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది. కొన్నిసార్లు గీత ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది, ఎందుకంటే రెండూ ఇంచుమించు ఒకే రంగు. అప్పుడు మిఠాయిల్లో కలిపే ఎర్ర రంగు పొడి చిటికెడు వెయ్యండి. ఆ రంగు డీజిల్‌లో కరగదు, గింజలు గింజలుగానే కిందికి దిగుతుంది. అడుగున నీళ్లుంటే తగిలిన చోటల్లా ఎర్రగా విచ్చుకుంటుంది. నీళ్లు లేకపోతే పొడి పొడిగానే అడుగున కూర్చుంటుంది. పది రూపాయల పొట్లం నా టూల్ బాక్సులో ఎప్పుడూ ఉంటుంది.

మొత్తం డీజిల్ మజ్జిగ తేటలా మసకగా ఉంటే నీళ్లు సన్నగా కలిసిపోయి ఉన్నాయి, అవి దిగడానికి ఒక రాత్రి పట్టొచ్చు. నల్ల నలుసులు, జిగురు తెట్టు, పుల్లటి కంపు ఉంటే అది నాచులాంటి సూక్ష్మజీవుల పని. నీళ్లూ డీజిలూ కలిసే చోట అవి పెరుగుతాయి. ఆ తెట్టు ఇవాళ్టి డీజిల్‌తో వచ్చింది కాదు, మీ టాంకులోనే నెలల తరబడి పెరిగింది.

నీళ్లు కనపడితే అవి ఎక్కడివో కూడా తేల్చుకోవాలి. అడుగు నీళ్లు రెండు చుక్కలు శుభ్రమైన ఇనుప రేకు మీద వేసి, గట్టు మీద ఎండలో ఆరనివ్వండి. ఇంజిన్ రూములో వేడి పైపుల దగ్గర పెట్టకండి, దాని మీద డీజిల్ కూడా ఉంటుంది. ఆరాక తెల్లటి ఉప్పు మరక మిగిలితే సముద్రపు నీళ్లు మీ డెక్కు మూతలోంచో వెంట్ గొట్టంలోంచో (టాంకుకి గాలి అందించే గొట్టం) దిగుతున్నాయి, బంకుని అనడానికి లేదు. మరక లేకపోతే వాన నీళ్లో, టాంకులో పట్టిన చెమటో, బంకు నుంచి వచ్చినవో అయ్యుంటాయి. ఉప్పు నీళ్లయితే తొందరపడాలి. అవి పంపు లోపల ప్లంజర్లని, నాజిల్ సూదుల్ని రోజుల్లో తుప్పు పట్టిస్తాయి.

క్యాన్ మీద నడపడం

ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరైనా మీ పంపు విప్పుతానంటే ఒప్పుకోకండి.

ఇరవై లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో మంచి డీజిల్ తీసుకోండి. అది ఇవాళ పోసిన బంకుది కాకూడదు, వేరేచోటు నుంచి తేవాలి. ఫీడ్ పంపుకి టాంకు నుంచి వచ్చే గొట్టం విప్పి, దాని బదులు క్యాన్‌లో ముంచిన ప్లాస్టిక్ గొట్టం బిగించండి. గొట్టం లోపల కనపడేలా తెల్లగా ఉండాలి, డీజిల్‌కి కరగని రకం అయ్యుండాలి. రిటర్న్ లైన్ (మిగిలిన డీజిల్ టాంకుకి తిరిగి వెళ్లే గొట్టం) కూడా విప్పి అదే క్యాన్‌లోకి వదలండి. చాలామంది ఇది మర్చిపోతారు. రిటర్న్ టాంకులోకే పోతుంటే క్యాన్ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. క్యాన్ కిందపడకుండా కట్టేసి, గొట్టం అడుగు దాకా మునిగిందో లేదో చూసుకోండి.

రెండు ఫిల్టర్లూ మార్చి, లైన్లో ఎయిర్ తీసి (పద్ధతి కింద చెప్తాను), స్టార్ట్ చెయ్యండి. పాత నీళ్లు పంపులోంచి, పైపుల్లోంచి పోవడానికి కాస్త వ్యవధి కావాలి కాబట్టి మొదటి అయిదు పది నిమిషాలు ఊగినా కంగారుపడొద్దు. ఆ తర్వాత జెట్టీకి ముందూ వెనకా తాళ్లు గట్టిగా కట్టి, గేరు వేసి, లోడు మీద అరగంట నడపండి. న్యూట్రల్‌లో బాగా తిరగడం లెక్కలోకి రాదు. తాడు తెగితే కాళ్లు పోతాయి, తాడు వరసలో ఎవర్నీ నిలబడనివ్వకండి.

క్యాన్ మీద ఇంజిన్ సాఫీగా నడిస్తే మీ పంపు, నాజిళ్లు బాగున్నట్టే. రోగం టాంకు వైపు ఉంది. క్యాన్ మీద కూడా మిస్సింగ్ ఆగకపోతే అప్పుడు ఇంజిన్ వైపు చూడాలి. ఇన్ని అనుమానాల్ని ఒక్క క్యాన్ రెండుగా విడగొడుతుంది.

ఆ తెల్ల గొట్టం ఇంకో పని కూడా చేస్తుంది. టాంకు లైన్ మళ్లీ కలిపేటప్పుడు, ఫీడ్ పంపుకి ముందు జానెడు తెల్ల గొట్టం ముక్క తాత్కాలికంగా పెట్టి చూడండి. బుడగలు పరిగెడుతుంటే టాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. అక్కడ బయటికి డీజిల్ కారకపోవచ్చు, అది పీల్చే వైపు కాబట్టి గాలే లోపలికి పోతుంది. కారడం లేదు కాబట్టి జాయింట్ బాగుందని ఎప్పుడూ అనుకోకండి. ఎక్కువగా దొరికే చోట్లు: సెపరేటర్ గిన్నె రబ్బరు వాసరు, రెండోసారి వాడిన రాగి వాసర్లు, క్లిప్పు కింద చిట్లిన రబ్బరు గొట్టం. జాయింట్లకి ఒక్కోదానికీ చిక్కటి గ్రీజు పూసి చూస్తే బుడగలు ఎక్కడ ఆగాయో అక్కడే దొంగ. రోగం దొరికాక ఆ తెల్ల ముక్క తీసేసి అసలు గొట్టం బిగించండి, వేడి ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ ఉంచకూడదు.

టాంకు వైపు

ముందు మూత. ఇంజిన్ ఊగుతున్నప్పుడే టాంకు మూత వదులు చెయ్యండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, నిమిషంలో ఇంజిన్ తేరుకుంటే, టాంకుకి గాలి అందడం లేదన్నమాట. డీజిల్ తగ్గినచోట గాలి రాకపోతే లోపల వెలితి పుట్టి ఫీడ్ పంపు లాగలేకపోతుంది. వెంట్ గొట్టం మూతికి రంగు వేసేటప్పుడు పెయింట్ గడ్డకట్టడం, వేట నిషేధం రోజుల్లో కందిరీగలు మట్టి పెట్టడం, వాన పడుతుందని ఎవరో గుడ్డ కుక్కడం, ఇవన్నీ చూశాను. డీజిల్ పోశాక వాన నీళ్లు దిగకుండా మూత కింద పాలిథిన్ కవరు వేసి బిగించే అలవాటు ఒకటుంది. మూతలోనే గాలి రంధ్రం ఉన్న టాంకులకి అది ఉరి. ఆ కవరు చిరిగి ముక్క టాంకులో పడితే, పీల్చే గొట్టానికి అంటుకునేది కూడా అదే.

తర్వాత నీళ్లు తీయడం. టాంకు కదలకుండా వీలైనంతసేపు, కుదిరితే రాత్రంతా, ఉంచి డ్రెయిన్ తెరిచి, మంచి డీజిల్ వచ్చేదాకా అడుగు సరుకు డబ్బాలోకి వదలండి. డ్రెయిన్ లేకపోతే గట్టి పైపు కట్టిన చేతి పంపుతో పల్లపు మూల నుంచి లాగండి. బోటు ఏ పక్కకి వాలి ఉందో ఆ మూలే నీళ్లు చేరతాయి. తెట్టు పట్టిన టాంకుకి ఇది చాలదు. మనిషి చెయ్యి పట్టే మూత విప్పి, లోపల గోడలు తుడిచి కడగాలి. పీచు రాలే బనీను గుడ్డ వాడొద్దు, ఆ పీచే రేపు ఫిల్టర్‌కి అడ్డం. పెద్ద టాంకులోకి మనిషి దిగడం మాత్రం వద్దు. ఆవిరికి ఊపిరాడక పడిపోతే పైకి లాగడం కూడా కష్టం.

ఈ పని జరిగేటప్పుడు బీడీ, గ్యాస్ స్టవ్ రెండూ ఆపించండి. బ్యాటరీ తీగలు విప్పి పెట్టుకోండి. ఇంజిన్ రూము తలుపులన్నీ తెరవండి. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే కట్టిన బోట్లు ఒకదాన్నుంచి ఒకటి ఎలా అంటుకుని కాలిపోయాయో అందరం చూశాం. మీ బోటు ఒక్కటే కాదు, పక్క బోటు కూడా మీ చేతుల్లో ఉంది. తీసిన మురికి డీజిల్‌ని రేవు నీళ్లలో పారబోయకండి. డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

ఎయిర్ తీయడం

ఫిల్టర్ విప్పిన ప్రతిసారీ ఇది తప్పదు. వరస తప్పితే గంటలకొద్దీ స్టార్టర్ కొడుతూనే ఉంటారు.

కొత్త ఫిల్టర్లు బిగించేముందు గిన్నెలు శుభ్రంగా తుడవండి, పాత రబ్బరు వాసరు పైన ఇరుక్కుపోయి ఉందేమో వేలితో తడిమి చూడండి. పాతదాని మీద కొత్తది పడితే ఎంత బిగించినా గాలి లాగుతుంది. కాక్ పూర్తిగా తెరవండి. మొదట, పంపు వైపు కాకుండా టాంకుకి దగ్గరగా ఉన్న ఫిల్టర్ మీద బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీదున్న చేతి ప్రైమర్ కొట్టండి. ముందు గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. నురగ దగ్గర ఆపేస్తే పని చెడినట్టే, బుడగ ఒక్కటి కూడా లేకుండా కారేదాకా కొట్టి, కారుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ, ఇదే పద్ధతి. పంపు స్క్రూ దగ్గర కొట్టేటప్పుడు ప్రైమర్ చేతికి బరువుగా తగలాలి. బరువు రాకుండా తేలిగ్గా లోపలికి పోతోందంటే వెనకాల ఇంకా గాలి ఉంది.

చివరిగా నాజిళ్ల దగ్గర పైపు నట్లు సగం చుట్టు వదులు చేసి, థ్రాటిల్ తెరిచి, స్టార్టర్ పది సెకన్లు కొట్టండి. నిమిషం ఆగి మళ్లీ పది సెకన్లు. ఊరికే పట్టుకుని ఉంటే స్టార్టర్ మోటారు కాలుతుంది. నట్ల దగ్గర డీజిల్ చిమ్మడం మొదలయ్యాక ఒక్కొక్కటీ బిగించండి. ఒకటి రెండు బిగించేసరికే ఇంజిన్ అందుకుంటుంది.

చేతులు జాగ్రత్త. నాజిల్ దగ్గర ప్రెజర్ 200 బార్ల చుట్టుపక్కల ఉంటుంది, లారీ టైరులో ఉండేది ఎనిమిది. సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న చుక్క గాయమే కనపడుతుంది, లోపల చెయ్యి కుళ్లుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి కొట్టిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. పైపు లీకు వెతకడానికి అట్టముక్క వాడండి, వేలు కాదు.

క్యాన్ మీద కూడా ఆగకపోతే

స్లోలో ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి వినండి. చిమ్మకుండా మందపాటి గుడ్డ కప్పండి, కళ్లద్దాలు పెట్టుకోండి. బాగున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజిన్ చప్పుడు మారుతుంది, ఇంకాస్త ఊగుతుంది. ఏ నట్టు వదిలినా బిగించినా చప్పుడు మారకుండా ఉందో ఆ సిలిండర్ పనిచేయడం లేదు. ఆ నాజిల్‌ని పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి బిగించండి. రోగం నాజిల్‌తో పాటు పక్కకి జరిగితే నాజిల్ ఒక్కటే షాపుకి పంపితే చాలు. నీళ్లు పోయిన ఇంజిన్లలో నాజిల్ సూది ఇరుక్కోవడం సాధారణం. నాజిల్ మార్చినా అదే సిలిండర్ చచ్చిపడి ఉంటే, అప్పుడు పంపు గురించీ కంప్రెషన్ గురించీ ఆలోచించాలి. అక్కడికి వచ్చాక పంపు షాపుకి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

సముద్రంలో ఉండగా

మొగలో ఇంజిన్ ఆగడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. కెరటం పక్కనుంచి కొడితే బోటు తిరగబడుతుంది. అందుకే డీజిల్ కొట్టించిన వెంటనే మొగ దాటకండి. ఏటిలోనే లోడు మీద అరగంట తిరిగి, సెపరేటర్ గిన్నె ఒకసారి చూసి అప్పుడు బయల్దేరండి. పోటు మీద వెళ్లాలన్న తొందర నాకు తెలుసు. అరగంట ముందు డీజిల్ పోయిస్తే సరిపోతుంది.

బయట ఉండగా మొదలైతే స్పీడు తగ్గించండి, సెపరేటర్ నీళ్లు వదలండి. రెండో టాంకు ఉంటే, దాంట్లో పాత డీజిల్ ఉంటే, దానికి మార్చండి. అందుకే రెండు టాంకుల్లోనూ ఒకే బంకు డీజిల్ ఒకేసారి కలపొద్దని చెప్తాను. ఇంజిన్ ఆగిపోతే లోతు అందినచోట ముందు లంగరు, తర్వాత పానా. రెండు సెట్లు ఫిల్టర్లు, రాగి వాసర్లు, క్యాన్‌లో మంచి డీజిల్, తెల్ల గొట్టం బోటులో ఎప్పుడూ ఉండాలి. మీ చేతిలో లేదనిపిస్తే ఆలస్యం చేయకుండా వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద పిలవండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఫైబర్ బోట్లు, పెట్రోలు ఇంజిన్లు

ఉప్పాడ వైపు ఫైబర్ బోట్ల చిన్న డీజిల్ ఇంజిన్లకి టాంకు పైన ఉండి డీజిల్ దానంతట అదే దిగే పద్ధతైతే గాలి పీల్చే బాధ తక్కువ, నీళ్ల బాధ ఎక్కువ. ఒడ్డున క్యాన్లతో, గరాటుతో పోస్తారు కాబట్టి కెరటం తుంపర నేరుగా టాంకులో పడుతుంది. మిస్సింగ్ వస్తే ముందు ఫిల్టర్ దగ్గర గొట్టం విప్పి సీసాలోకి వదలండి. ధార దారంలా సన్నగా ఉంటే మూత రంధ్రమో జాలీయో మూసుకుంది. ఒక్క సిలిండరే కాబట్టి నీళ్లు వెళ్తే ఊగడం ఉండదు, టక్కున ఆగుతుంది.

గోదావరిలో తిరిగే పెట్రోలు అవుట్‌బోర్డుల సంగతి వేరు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీళ్లని కలుపుకుంటుంది. హద్దు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి, ఇంజిన్ పీల్చేది ఆ అడుగునుంచే. క్యాన్ ఊపి మళ్లీ కలిపేద్దామని చూడకండి. మొత్తం పారదీసి తాజా పెట్రోలు పోయడమే మార్గం.

జూన్‌లోనే ఎందుకు ఎక్కువ?

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు వేటకి వెళ్లకూడదు. సగం ఖాళీ టాంకుతో ఆ ఎండల్లో కట్టేసి ఉంటాయి. పగలు టాంకులో గాలి వేడెక్కి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమ గాలి లోపలికి వస్తుంది, ఆ తేమ గోడలకి చెమటలా పట్టి అడుక్కి దిగుతుంది. రెండు నెలలు ఇలా జరిగాక, జూన్‌లో దాని మీద కొత్త డీజిల్ జోరుగా పోస్తారు. మడ్డి అంతా లేస్తుంది. నిందేమో బంకుకి పడుతుంది.

కట్టేసేముందు టాంకు నిండుగా ఉంచడం మంచిది. డబ్బులు రెండు నెలలు ఇరుక్కుపోతాయని ఓనర్లు ఒప్పుకోరు, అర్థం చేసుకోగలను. అది కుదరకపోతే పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, మూత పెట్టండి. రెండిట్లో ఏదీ చేయలేదంటే, జూన్‌లో కొత్త డీజిల్ పోసేముందు అడుగు డ్రెయిన్ వదలడం, ఫిల్టర్లు మార్చడం తప్పనిసరి.

బ్యారెళ్లలో నిల్వ పెట్టేవాళ్లకి ఒక మాట. 200 లీటర్ల బ్యారెల్‌ని నిలబెట్టి వానలో వదిలేస్తే పైన అంచు లోపల నీళ్లు నిలుస్తాయి. రాత్రి డీజిల్ చల్లబడి కుంచించుకున్నప్పుడు బిరడా మరలోంచి ఆ నీళ్లని బ్యారెల్ లోపలికి పీల్చుకుంటుంది, బిరడా ఎంత బిగించినా. పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో అడ్డంగా ఉండేలా తిప్పి పెట్టండి. అప్పుడు రెండు బిరడాలూ లోపల డీజిల్‌లో మునిగి ఉంటాయి.

బంకుతో మాట్లాడేటప్పుడు

నిజంగా బంకు తప్పే అయితే ఊరికే అరిచి లాభం లేదు. డెన్సిటీ పరీక్ష, అయిదు లీటర్ల కొలత పరీక్ష అడిగే హక్కు కొనేవాళ్లకి ఉంది. డెన్సిటీని 15 డిగ్రీలకి సవరించి చూస్తారు, బంకు రికార్డుకీ దానికీ తేడా ఘనపు మీటరుకి 3 కిలోలు దాటకూడదు. అయితే డెన్సిటీ సరిగ్గా ఉన్నంత మాత్రాన నీళ్లు లేనట్టు కాదు, నీళ్లు విడిగా భూగర్భ టాంకు అడుగున ఉంటాయి. డిప్ రాడ్‌కి వాటర్ పేస్టు పూసి అడుగు దాకా దింపమనండి. నీళ్లు తగిలిన మేరకు పేస్టు రంగు మారుతుంది. ట్యాంకరు దింపుతున్నప్పుడో, దింపిన వెంటనేనో డీజిల్ కొట్టించుకోకండి, లోపల అడుగు సరుకంతా లేచి ఉంటుంది.

పోయించేటప్పుడే పైపు నుంచి నేరుగా లీటరు సీసా పట్టి, తేదీ రాసి, బిల్లుతో పాటు బోటులో ఉంచండి. మీ టాంకులోంచి తీసిన సీసా చూపిస్తే "నీ టాంకులోనే నీళ్లున్నాయి" అంటారు, ఆ మాట కొట్టిపారేయలేం కూడా. పైపు నుంచి పట్టిన సీసా అడుగున నీళ్లుంటే మాత్రం వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఆ వేట ముగిసి ఇంజిన్ బాగానే తిరిగితే సీసాలో డీజిల్ టాంకులో పోసేసుకోవచ్చు.